జీతం మీద జకాత్ ఉండదమ్మా

ప్రశ్న: కర్నూలులో ప్రైవేటు స్కూల్ టీచర్‌ని. జీతం 14 వేలు. నెలనెలా రెండున్నర శాతం, అంటే 350 రూపాయలు జకాత్ (ఇస్లాంలో తప్పనిసరి దానం) కింద ఇచ్చేస్తాను. తమ్ముడి డిగ్రీ ఫీజుకు 1,500 పంపుతాను. వడ్డీ వద్దని డిపాజిట్లు చేయలేదు. మిగిలింది బీరువాలో పెడతాను, ఎలాగో ఖర్చయిపోతుంది. ఏం చేయాలి?

జవాబు: ముందు జకాత్ లెక్క సరిచేసుకోండి. మన దగ్గర ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో జకాత్ పడేది నెల జీతం మీద కాదు, నిలిచిన సొమ్ము మీద. బాకీలు పోను ఉన్నది నిసాబ్‌కు, అంటే సుమారు 612 గ్రాముల వెండి విలువకు చేరి, చాంద్రమాన ఏడాది గడిస్తేనే రెండున్నర శాతం. ఒంటి మీది బంగారం కూడా కలుస్తుంది కాబట్టి నగల తూకం, అప్పులు కాగితం మీద రాసుకుని ముఫ్తీ సాబ్‌ను (మత ధర్మం చెప్పే పండితుణ్ని) అడగండి.

నిసాబ్ లేకపోతే మీ 350 సదఖా, అంటే ఇష్టంగా ఇచ్చే దానం అవుతుంది. మంచిదే, కానీ ఇంతే ఇవ్వాలన్న లెక్క లేదు. పూర్తిగా ఆపమనను, మీకే మనసొప్పదు. వందకు తగ్గించండి. తమ్ముడికి పంపేది మీరు దానంలో లెక్కే వేసుకోవడం లేదు! అయినవాళ్లకు ఇస్తే దానం పుణ్యం, బంధుత్వం నిలిపిన పుణ్యం రెండూ వస్తాయని హదీసే (ప్రవక్త మాటే) చెబుతోంది. రేపు జకాత్ పడినా, అతను అవసరంలో ఉంటే అతనికే ఇవ్వొచ్చు. అమ్మానాన్నలకు మాత్రం కుదరదు.

బీరువా డబ్బును బ్యాంకులో వేయండి. పడిన వడ్డీని చాలామంది పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చేస్తారు, మీరూ అలాగే చేయొచ్చు. మూడు నెలల ఇంటిఖర్చు జమయ్యేదాకా ఆ పొదుపును ముట్టుకోవద్దు. ఫీజు కోసం తోటి టీచర్లతో పాట లేని చీటీ వేసుకోండి. లాటరీలో పేరు వచ్చినవాళ్లకు మొత్తం ఇస్తారు, ఎవరికీ ఎక్కువా తక్కువా ఉండదు.

పే స్లిప్‌లో పీఎఫ్ ఉందా? కనీసం 20 మంది పనిచేసే స్కూల్లో మీ జీతానికి అది తప్పనిసరి. తప్పనిసరిగా కోసే పీఎఫ్ మీద కలిసేది వడ్డీ కిందికి రాదని దేవ్‌బంద్ మదర్సా ఫత్వాలు (మత తీర్పులు) ఉన్నాయి. దాంతోపాటు ఈడీఎల్ఐ అనే జీవిత బీమా కూడా వస్తుంది. మీరు పైసా కట్టక్కర్లేదు, మీకేమైనా అయితే కుటుంబానికి జీతాన్నిబట్టి గరిష్ఠంగా 7 లక్షలు ఇస్తారు. స్కూల్ వాళ్లు నసిగితే మీ పీఎఫ్ ఖాతాకు ఇచ్చే యూఏఎన్ నంబర్ అడగండి.

‘హలాల్ లాభం’ అంటూ నెలకింత ఖాయమనేవాళ్ల జోలికి వెళ్లొద్దు. 2019లో బెంగళూరులో ఐఎంఏ అనే పెట్టుబడుల సంస్థ కూలినప్పుడు వేలమంది పొదుపు పోయింది. వ్యాపారంలో వాటా అన్నాక లాభం ముందే ఖాయం చేయడానికి షరీయతే ఒప్పుకోదు.