లెక్కల మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. అత్యధిక సంయుక్త సంఖ్యల మీద తెలుగులో రాయాలన్న ఆలోచనే నాకు నచ్చింది. కానీ మొదటి పేజీలోనే నిర్వచనం, సూత్రం, పట్టిక అన్నీ కుమ్మరించేశావు. పట్టిక తీసెయ్.

60 దగ్గర మొదలుపెట్టు. దానికి 12 కారణాంకాలు. అంతకంటే చిన్న సంఖ్య దేనికీ అన్ని లేవు, దానికి అత్యధిక సంయుక్త సంఖ్య అన్న పేరు వచ్చింది అందుకే. ఇప్పుడు 90 చూపించు. దానికీ 12 ఉన్నాయి, మరి దానికి ఆ హోదా ఎందుకు లేదు? విడగొడితే 60 అంటే 2×2×3×5, 90 అంటే 2×3×3×5. ఒక్కో ఘాతాంకానికి, అంటే ఆ ప్రధాన సంఖ్య ఎన్నిసార్లు వచ్చిందో దానికి, 1 కలిపి అన్నీ గుణిస్తే కారణాంకాల లెక్క వస్తుంది. రెండింటికీ అది 12 అవుతుంది. పెద్ద ఘాతాంకం 2 మీదుందా, 3 మీదుందా అన్నది ఆ లెక్కకు పట్టదు. కానీ 3 మీదుంటే సంఖ్య అనవసరంగా పెరిగిపోతుంది. 84 సంగతీ అంతే: 2×2×3×7. 5ను వదిలేసి 7కు ఎగబాకింది. ఆ 7 తీసి 5 పెడితే మళ్లీ 60కే వస్తాం.

ఈ రెండు మార్పులూ పాఠకుడి చేతే చేయించు. ప్రధాన సంఖ్యలు 2 నుంచి మధ్యలో ఏదీ వదలకుండా రావాలని, ఘాతాంకాలు పోనుపోను పెరగకూడదని నువ్వు చెప్పకముందే అతనే పట్టేస్తాడు. అయితే ఈ నియమం పాటించినవన్నీ జాబితాలోకి వస్తాయని రాశావు, అది మాత్రం దిద్దుకో. 30 అంటే 2×3×5, నియమానికి ఏ లోటూ లేదు. కానీ దానికి ఉన్న 8 కారణాంకాలు 24కే వచ్చేశాయి.

పౌరుల సంఖ్య 5040 ఉంటే ఎన్నో రకాలుగా పంచుకోవచ్చన్న ప్లేటో మాటకు ఒక్క వాక్యం చాలు. రామానుజన్ జీవితకథ కూడా తగ్గించు. ఆయన 1915లో ఈ సంఖ్యల మీద సుదీర్ఘ వ్యాసం అచ్చువేశారు, 1916లో కేంబ్రిడ్జి డిగ్రీ ఇచ్చింది ఈ పనికే. అచ్చువేసే సంఘానికున్న డబ్బు ఇబ్బందుల వల్ల అప్పుడు ఆగిపోయిన భాగం 1997లో వెలుగు చూసింది.

నాకైతే అంతకన్నా ఆయన పట్టికలో తప్పిపోయిన సంఖ్య మీదే ఆసక్తి: 2,93,31,86,25,600. విడగొడితే 2కి 6, 3కి 4, 5కీ 7కీ రెండేసి, 11, 13, 17, 19కి ఒక్కోటి ఘాతాంకాలు. కారణాంకాలెన్నో లెక్కేసి చూడు, ప్లేటో చెప్పిన 5040 వస్తుంది! నీ వ్యాసంలో ఇది లేనే లేదు. దీనికో పేరా కేటాయించి, మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య