రోడ్డు వెయ్యి బిడ్డా, ఇంట్లో డబ్బుతో మాత్రం వద్దు

సరితా,

నువ్వు సర్పంచ్‌గా గెలిచావని తెలిసి ఇక్కడ మా గల్లీ అంతా మిఠాయి పంచాను. నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, ఊరవతల కొత్త వెంచర్లలో దసరాలోపు సీసీ రోడ్లు వేయిస్తానని నువ్వు మాటిచ్చావని చెప్పింది. అప్పట్నుంచి టెన్షన్ పట్టుకుంది. నేను పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైరైనవాణ్ణి కదా, ఊరుకోలేకపోతున్నా.

గ్రామసభ తీర్మానం, అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ)తో ఎస్టిమేట్, ముందు డ్రైనేజీ తర్వాతే కాంక్రీటు. ఇవన్నీ నీకు తెలిసినవే.

అసలు సంగతి డబ్బు. ఇంటిపన్ను కరెంటు బిల్లులకూ ట్రాక్టర్ డీజిల్‌కూ సఫాయివాళ్ల జీతాలకే చాలదు. కేంద్ర ఆర్థిక సంఘం నిధుల్లో పెద్ద భాగం నీళ్లకూ పారిశుధ్యానికీ కట్టేశారు, రోడ్డు సంగతి మిగిలినదాంట్లోంచే చూసుకోవాలి. ఎమ్మెల్యే, ఎంపీ నిధులు వాళ్ల దయ. ప్లాటు చేతులు మారినప్పుడల్లా కొన్నవాళ్లు 1.5 శాతం ట్రాన్స్‌ఫర్ డ్యూటీ కడతారే, అది స్థానిక సంస్థలకు చెందాల్సిన సొమ్ము. అడక్కపోతే ఎవరూ గుర్తుచేయరు. జిల్లా పంచాయతీ అధికారి (డీపీవో) ఆఫీసులో రాసిచ్చి అడుగు.

ఇంకో మాట. లేఅవుట్ అప్రూవల్ ఉన్న వెంచర్ అయితే రోడ్డు వేయాల్సింది నువ్వు కాదు, ప్లాట్లు అమ్మినవాడు. పనులు పూర్తిచేసేదాకా 15 శాతం ప్లాట్లు హామీగా తనఖాలో ఉంటాయి. మొరం పోసి రోలర్ తిప్పి అయిపోయిందంటాడు. నమ్మకు, గడ్డపారతో తవ్వించి చూడు.

ఇప్పుడు మీ నాయన సంగతి. నీకప్పుడు ఊహ తెలియదు. బావ సర్పంచ్‌గా ఉండగా, జాతరలోపు గుడి దారి కావాలని ఊరంతా పట్టుబట్టారు. పెద్ద ఆఫీసరొకాయన "మొదలుపెట్టండి, శాంక్షన్ అదే వస్తుంది" అన్నాడు. నోటిమాటే, కాగితం లేదు. మీ అమ్మ మెడలో నాను తాకట్టులోకి పోయింది. సిమెంటు బస్తాలు మీ పడసాలలో పైకప్పుదాకా పేర్చారు, నువ్వు వాటిమీదెక్కి ఆడేదానివి. రోడ్డు బాగానే వచ్చింది. క్యూరింగ్‌కు మట్టి మడులు కట్టి, రాత్రిపూట కూడా బావే బిందెలతో నీళ్లు పోశాడు. ఆ ఆఫీసరు బదిలీ అయ్యాడు. తర్వాత వచ్చినాయన, ముందస్తు మంజూరు లేని పనికి ఎం.బుక్, అంటే పని కొలతల పుస్తకం, రాయడం కుదరదన్నాడు. ఎం.బుక్ లేకపోతే బిల్లెక్కడిది? బావ పదవి దిగిపోయాక కూడా ఆ ఫైలు చంకలో పెట్టుకుని మండలం చుట్టూ తిరిగాడు. వడ్డీ ఎకరంన్నర మింగింది. నాను మళ్లీ రాలేదు. మీ అమ్మ ఆ మాట ఎన్నడూ ఎత్తదు, ఆ దారిన గుడికి కూడా పోదు.

2024 ఫిబ్రవరిలో పదవులు అయిపోయాక మన తెలంగాణలో ఎంతమంది మాజీ సర్పంచులు పెండింగ్ బిల్లుల కోసం రోడ్డెక్కారో నువ్వూ టీవీలో చూశావు. అయినా నీకు బుద్ధి రాలేదా? కాంట్రాక్టరుకు చేబదులు ఇవ్వొద్దు, నీ పేరున సిమెంటు అప్పు తేవద్దు. శాంక్షన్ కాపీ చేతికి రాకుండా కంకర లారీని ఊళ్లోకి రానివ్వకు. ఉప సర్పంచ్‌తో పొత్తు చెడగొట్టుకోకు, చెక్కుమీద అతని సంతకమూ కావాలి.

తిట్టానని అలగకు. మన ఇంట్లో మైకు పట్టుకుని మాట్లాడిన మొదటి ఆడపిల్లవి నువ్వే. వేళకు తిను, ఉట్టి చాయ్ మీద తిరక్కు.

ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నా. వెంచర్ల లేఅవుట్ కాపీలు, తనఖా దస్తావేజుల జిరాక్సులు తీసిపెట్టు.

మీ మామ