చర్చివాళ్ళు తీసిన చిన్న సినిమా: ఒకరికి ఏడుపు, ఒకరికి నవ్వు ఎందుకొస్తుంది?

మీ సంఘంలో యవనస్థుల కూటానికి ‘ఫేసింగ్ ద జెయింట్స్’ వేయాలా, ‘ఫైర్‌ప్రూఫ్’ వేయాలా అని అడిగారు. నెట్‌లో చూస్తే సగం మంది మా జీవితం మారిపోయిందంటున్నారు, సగం మంది పది నిమిషాలు కూడా భరించలేకపోయామంటున్నారు, ఎవరి మాట నమ్మాలి అన్నది మీ సందేహం.

ఇద్దరూ నిజమే చెబుతున్నారండి. నేను అట్లాంటాలో ఉన్న రోజుల్లో వీటిలో ఒకటి థియేటర్లో చూశాను, మన తెలుగువాళ్ళ ప్రార్థన కూటంలో రెండూ చూశాను. తెరకంటే నా పక్కన కూర్చున్నవాళ్ళనే ఎక్కువ చూశానేమో. అందుకే ఈ జవాబు కాస్త పొడుగవుతుంది.

ముందు ఇవి ఎక్కడివో చెప్పాలి. అట్లాంటా నుంచి దక్షిణంగా మూడు గంటలు కారులో వెళ్తే ఆల్బనీ అనే ఊరు వస్తుంది. అక్కడి షెర్‌వుడ్ బాప్టిస్ట్ చర్చిలో సేవ చేసే అలెక్స్ కెండ్రిక్, స్టీఫెన్ కెండ్రిక్ అనే అన్నదమ్ములు 2003లో 20 వేల డాలర్లతో మొదటి సినిమా తీశారు. 2006లో ‘ఫేసింగ్ ద జెయింట్స్’ లక్ష డాలర్లతో తీశారు. అప్పటి లెక్కలో 45 లక్షల రూపాయలు. గుంటూరులో కాస్త ఉన్నవాళ్ళు పెళ్ళికి పెట్టే ఖర్చు. హీరో అయిన ఫుట్‌బాల్ కోచ్ వేషం అలెక్సే వేశాడు. మిగతావాళ్ళు ఎక్కువగా చర్చి సభ్యులే, జీతం లేకుండా చేశారు. ఆ సినిమా కోటి డాలర్లు దాటి వసూలు చేసింది. 2008లో 5 లక్షల డాలర్లతో తీసిన ‘ఫైర్‌ప్రూఫ్’కి 3 కోట్ల 30 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి.

ఈ డబ్బు ఎలా వచ్చిందో తెలిస్తే మీ సందేహం సగం తీరుతుంది. చాలా చర్చిలు ముందే టికెట్లు గుత్తగా కొనేశాయి. ‘ఫైర్‌ప్రూఫ్’ 839 థియేటర్లలోనే విడుదలై మొదటి వారాంతంలోనే 68 లక్షల డాలర్లు తెచ్చిందంటే కారణం అదే. నా ఆఫీసులో ఒక అమెరికన్ సహోద్యోగి కూడా వాళ్ళ చర్చి కొన్న టికెట్లలో నాకు రెండు ఇచ్చాడు. అమెరికాలో సినిమాస్కోర్ అనే సంస్థ ఒకటుంది, విడుదల రోజు హాల్లోంచి బయటికొచ్చేవాళ్ళను అడిగి గ్రేడు ఇస్తుంది. ఇదే అన్నదమ్ములు 2015లో తీసిన ‘వార్ రూమ్’కి ఏ ప్లస్ వచ్చింది. ఎందుకు రాదు? ఆ రోజు వచ్చినవాళ్ళలో చాలామంది పాస్టరు చెబితే వచ్చినవాళ్ళే కదా. విమర్శకులేమో ఉద్యోగం కాబట్టి వెళ్ళారు, పెదవి విరిచారు.

నా రెండో టికెట్ మీద మా టీమ్‌లోని ఒక తమిళ మిత్రుణ్ణి తీసుకెళ్ళాను. దేవుడంటే పట్టింపు లేదు గానీ సినిమా అంటే ప్రాణం. అదే నేను చేసిన తప్పు, లేదా అదృష్టం.

కథ తెలియనివాళ్ళ కోసం: ఒక ఫైర్‌మన్, అతని భార్య విడాకుల దాకా వస్తారు. తండ్రి కొడుక్కి చేత్తో రాసిన ఒక పుస్తకం ఇస్తాడు, నలభై రోజులు రోజుకొక పని చొప్పున భార్య కోసం చేయమంటాడు. అతనికి కంప్యూటర్లో చెడ్డ బొమ్మలు చూసే అలవాటు ఉంది. ఒక రోజు ఆ కంప్యూటర్ని బయటికి మోసుకొచ్చి బేస్‌బాల్ బ్యాటుతో పగలగొడతాడు, పక్కింటి ముసలాయన నోరు తెరుచుకుని చూస్తుంటాడు. ఆ సీన్లో హాల్లో మగవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఊరికే కొట్టిన చప్పట్లు కావు. నా ముందు వరసలో నలభై ఏళ్ళాయన కొట్టడం ఆపి ముఖం తుడుచుకున్నాడు. నా పక్కన మా తమిళ మిత్రుడు అదే సీన్‌కి కిసుక్కున నవ్వాడు. ముందాయన వెనక్కి తిరిగి చూశాడు. నేను సీట్లోకి కుంచించుకుపోయాను.

తిరిగొచ్చేటప్పుడు కారులో మా వాడు ఏకధాటిగా మాట్లాడాడు. ప్రతి మాటా ప్రసంగంలా ఉందన్నాడు, ఎప్పుడు ఏడవాలో మ్యూజిక్కే చెబుతోందన్నాడు, భార్య కోపానికి కారణం ఉన్నా సినిమా ఆమె పక్కన నిలబడదన్నాడు. రైలు పట్టాల మీద కారు ఇరుక్కున్న సీన్ మాత్రం బాగుందని ఒప్పుకున్నాడు. వాడన్న వాటిలో నేను కాదనగలిగింది ఒక్కటీ లేదు. కానీ ముందు వరసాయన కన్నీళ్ళు కూడా నేను చూశాను కదా. ఆయన నటన చూడలేదు, తన ఇంట్లో కంప్యూటర్ని చూసుకున్నాడు.

ఇంతవరకు చెప్పింది మీరు నెట్‌లోనే చదివి ఉంటారు. ఇప్పుడు చెప్పబోయేది అక్కడ అంతగా దొరకదు.

దీనికి ఏడాది ముందు, 2007లో, మా తెలుగు కూటంలో ‘ఫేసింగ్ ద జెయింట్స్’ వేశాం. ఒక అన్నయ్యగారి ఇంటి బేస్‌మెంట్‌లో ప్రొజెక్టర్ పెట్టాం. ముప్ఫై మందిమి ఉంటాం, పిల్లలు కాక. అమెరికన్ ఫుట్‌బాల్ మాలో సగం మందికి తెలియదు. మా కుర్రాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేచి రూల్సు చెబుతూ ఉన్నారు. ఒక ఆంటీ మాత్రం చివరిదాకా ‘బంతి చేత్తో పట్టుకుంటే ఫుట్‌బాల్ ఎందుకన్నారు’ అని అడుగుతూనే ఉంది.

కోచ్ ఒక కుర్రాడి కళ్ళకు గంతలు కట్టి, వీపు మీద ఇంకో కుర్రాణ్ణి ఎక్కించి, చేతులూ పాదాల మీద పాకమంటాడు. యాభై గజాలు అనుకుంటూ ఆ పిల్లాడు మైదానం మొత్తం పాకేస్తాడు. ఆ సీన్‌కి మా బేస్‌మెంట్ దద్దరిల్లింది. తర్వాతెప్పుడో ఆఫీసు ట్రైనింగులో ఆ ఒక్క ముక్కే చూపించారు, అక్కడా అందరికీ నచ్చింది. దేవుడి మాట లేకుండా కత్తిరిస్తే ఎవరికీ పేచీ లేదన్నమాట.

అయితే ఆ కథలో కోచ్ దంపతులకు పిల్లలు ఉండరు. లోపం తనలోనే ఉందని డాక్టరు చెబితే కోచ్ కుమిలిపోతాడు. జట్టు ఓడిపోతుంటుంది, కారు మొరాయిస్తుంటుంది, ఇంట్లో కంపు. అతను మోకరించాక ఒక్కొక్కటీ చక్కబడుతుంది. కొత్త ట్రక్కు వస్తుంది, జీతం పెరుగుతుంది, జట్టు గెలుస్తుంది. ఒక రోజు భార్య క్లినిక్‌కి వెళ్తే మళ్ళీ లేదనే చెబుతారు. ఆమె బయట కారు దగ్గరికొచ్చి, అయినా నిన్ను ప్రేమిస్తాను ప్రభువా అనుకుంటుంది. అంతలో నర్సు పరుగెత్తుకుంటూ వచ్చి రిపోర్టు తారుమారైందని, కడుపుతో ఉన్నావని చెబుతుంది.

బేస్‌మెంట్లో ‘స్తోత్రం’, ‘హల్లెలూయ’ అన్న కేకలు. ఆ సందడిలో వెనక తలుపు దగ్గర కూర్చున్న ఒక అక్క లేచి పైకి వెళ్ళిపోయింది. పెళ్ళై పదకొండేళ్ళు. మా కూటంలో ఆమె కోసం ప్రార్థించని నెల లేదు. వెళ్ళిన ప్రతి చర్చిలోనూ ఎవరో ఒకరు తల మీద చెయ్యి పెట్టి ‘హన్నాకి ఇచ్చిన దేవుడు నీకూ ఇస్తాడమ్మా’ అని చెప్పినవాళ్ళే. హన్నా అంటే బైబిల్లో పిల్లల్లేక ఏడ్చి ప్రార్థించి బిడ్డను పొందినావిడ.

నా భార్య వెనకాలే వెళ్ళింది. వంటింట్లో నిలబడి ఆ అక్క అన్న మాట నా భార్య నాకు చెప్పింది. ‘కారు దగ్గర నిలబడి ఆ అమ్మాయి అన్న మాట నేను చాలాసార్లు అన్నాను. అక్కడ ఆపేసి ఉంటే అది నా సినిమా అయ్యేది. నా వెనక ఏ నర్సూ పరుగెత్తుకుంటూ రాలేదు.’

మా తమిళ మిత్రుడు, పేపర్లో రాసే విమర్శకుడు ఎన్ని మాటలన్నా ఈ మాట ముందు తేలిపోతాయి నాకు. నటన, కెమెరా, తక్కువ ఖర్చు అన్నవి విశ్వాసులు ఇట్టే క్షమించేస్తారు. మా బేస్‌మెంట్లో ఒక్కరు కూడా ‘ఈయన నటుడు కాదనుకుంటా’ అనలేదు. బాధపెట్టింది ముగింపు. చివరి ఆటలో 51 గజాల కిక్‌కి గాలి కూడా దిశ మార్చుకుంటుంది. చూస్తున్నప్పుడు నేనూ కేక వేశాను. ఆ తర్వాత ఇంకా రెండేళ్ళు ముందుకెళ్ళి, చంకలో ఒక బిడ్డ, కడుపులో ఒక బిడ్డ చూపిస్తారు. అంత అక్కర్లేదు.

తీసినవాళ్ళ పక్షాన ఒక మాట చెప్పాలి. గెలిచినా ఓడినా దేవుణ్ణి స్తుతిస్తామని కోచ్ కుర్రాళ్ళ చేత చెప్పిస్తాడు, అది సినిమాలో ఉంది. ఓడాక స్తుతించడం కూడా కాసేపు చూపిస్తారు గానీ, జనానికి గుర్తుండేది కప్పు. మర్నాడు మా పాస్టరుగారితో ఈ విషయం అంటే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘సాక్ష్యం చెప్పమంటే మనం కూడా మేలు జరిగినవాళ్ళనే లేపుతాం కదా బాబూ, జరగనివాళ్ళను ఎప్పుడైనా లేపామా’ అన్నారు.

నా చిన్నప్పుడు తెనాలి దగ్గర మా ఊళ్ళో రెండు వాసాలకు తెల్ల గుడ్డ కట్టి ‘కరుణామయుడు’ వేసేవాళ్ళు. 1978లో వచ్చిన సినిమా, విజయచందర్ గారు యేసు. గుడ్డకు అటు పక్క కూర్చున్నవాళ్ళకు అంతా ఎడమ కుడి అయ్యేది, అయినా కదిలేవాళ్ళు కాదు. చర్చికి రానివాళ్ళూ వచ్చేవాళ్ళు. ‘కదిలింది కరుణరథం’ పాట మొదలవగానే మా నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకునేది. ఆ పాటలో ఎవరికీ ఏమీ దొరకదు, హీరో సిలువ మోస్తాడంతే. అందుకేనేమో, పిల్లల్లేని మా పిన్ని కూడా చివరిదాకా కూర్చునేది.

ఇక మీ ప్రశ్నకు. నన్నడిగితే యవనస్థులకు ‘ఫేసింగ్ ద జెయింట్స్’ వేయండి, కుర్రాళ్ళకు నచ్చుతుంది. కానీ సంఘం మొత్తాన్ని పిలవకండి. పిలవాల్సి వస్తే పిల్లల్లేని దంపతులకు, ఉద్యోగం పోయినవాళ్ళకు కథ ఏమిటో ముందే చెప్పండి, రావాలో వద్దో వాళ్ళే చూసుకుంటారు. సినిమా అవగానే లైట్లు వేసి ‘ఎవరు తీర్మానం చేసుకుంటారు’ అని చేతులెత్తించకండి, టీ ఇచ్చి మాట్లాడనివ్వండి. కొన్న డీవీడీ ఇంట్లో చూసుకోవడానికే, సంఘంలో వేయాలంటే అనుమతి వేరే తీసుకోవాలి, అది కనుక్కోండి. అప్పట్లో మాకా సంగతి తెలియదు.

పెద్దవాళ్ళకైతే ‘ఫైర్‌ప్రూఫ్’. 2009లో డీవీడీ వచ్చాక అదే బేస్‌మెంట్లో వేశాం. హీరో కిర్క్ కామెరాన్ భార్యను తప్ప ఎవరినీ ముద్దు పెట్టుకోనన్నాడని, ఆ ఒక్క సీన్‌కి అతని సొంత భార్యకే హీరోయిన్ బట్టలు వేసి నీడలా తీశారని ముందే చెప్పాను. ఆంటీలు ఊపిరి పీల్చుకున్నారు. హీరో ఇల్లు సర్దుతుంటే ఆడవాళ్ళంతా పక్కన కూర్చున్న మొగుళ్ళ వైపు తిరిగారు. అంకుల్సు ఫోన్లు చూసుకున్నారు. థియేటర్లో చప్పట్లు పడ్డ కంప్యూటర్ సీన్‌కి మా వాళ్ళు పిన్ డ్రాప్ సైలెన్స్, పిల్లలున్నారు కదా.

పడవ కొనుక్కోవడానికి దాచుకున్న 24 వేల డాలర్లు అత్తగారి మంచానికీ చక్రాల కుర్చీకీ ఇచ్చేశాడని తెలిసే సీన్ దగ్గర మాత్రం అందరూ కరిగిపోయారు. ఆ అక్క కూడా వచ్చింది ఆ రోజు, నా భార్య కథ మొత్తం ముందే చెప్పాక. ఈసారి తలుపు దగ్గర కాదు, మధ్యలో కూర్చుంది. ఆ సీన్ అయ్యాక ముక్కు చీదుకుని, పక్కనున్న బావగారిని మోచేత్తో పొడిచి, అందరికీ వినబడేలా అంది: ‘మా అమ్మకి మోకాళ్ళ ఆపరేషను ఉంది. మీకు పడవ ఎక్కడుందో చెప్పండి.’