అప్పడాల సంచి మీద అక్షరం నిలవాలంటే

ప్రశ్న: బరంపురంలో మేం నలుగురం ఆడవాళ్లం కలిసి మినప్పప్పడాలు చేసి అమ్ముతున్నాము. విశాఖ నుంచి పాలిథీన్ రోలు తెప్పించి, ఇక్కడే సంచులు చేయించి, వాటి మీద పేరును తెలుగులోను, ఒడియాలోను స్క్రీన్ ప్రింటింగ్ వేయిస్తాము. సంక్రాంతికి తెచ్చిన రోలుతో ఏ ఇబ్బందీ రాలేదు. ఈసారి తెచ్చిన రోలుకు మాత్రం వేలితో రుద్దితే అక్షరాలు రాలిపోతున్నాయి, అతుకులు కూడా విడిపోతున్నాయి. ముద్రించినవారు ఫిల్మును, అమ్మినవారు సిరాను తప్పుపడుతున్నారు. రెండు సంచులు పంపుతున్నాను. ఎలాంటి ఫిల్ము అడిగి కొనాలి?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: మీరు పంపిన సంచిని కత్తిరించి రెండు వైపులా నీళ్లు చిలకరించి చూశాను. అక్షరాలున్న వైపు నీరు తామరాకు మీది బొట్టులా ముడుచుకుని జారిపోయింది; లోపలి వైపు మాత్రం పల్చగా పరుచుకుని నిలిచింది. కాబట్టి మీ రోలుకు ఒక వైపు సిరా పట్టేలా చేసే ట్రీట్‌మెంట్ ఉంది, కాని సంచులు చేసేటప్పుడు ఆ వైపు లోపలికి పోయింది. మీ రెండు కష్టాలకూ కారణం ఇదొక్కటేనని నా నమ్మకం.

పాలిథీన్‌కు సిరాను పట్టే గుణం స్వతహాగా లేదు. ద్రవం ముడుచుకోకుండా పరుచుకోనిచ్చే గుణాన్ని ఉపరితల శక్తి అంటారు, దాన్ని డైన్లలో కొలుస్తారు. పాలిథీన్‌కు అది సుమారు 31 డైన్లు మాత్రమే; సాల్వెంట్ సిరా (నీటికి బదులు రసాయన ద్రావకంతో చేసినది) అంటుకోవడానికి కనీసం 38, నీటి సిరాకు 40 పైన ఉండాలి. అందుకే తయారీలోనే ఫిల్మును అధిక వోల్టేజి విద్యుత్ ఉత్సర్గం కిందుగా నడిపి, ఒక వైపు ఉపరితలాన్ని మారుస్తారు. దీన్నే కరోనా ట్రీట్‌మెంట్ అంటారు. జబ్బుకూ దీనికీ సంబంధం లేదు. సిరాను పట్టే ఆ ముఖమే వేడి అతుకుకు అడ్డుపడుతుంది గనుక, అది బయటికి, ట్రీట్ చేయని ముఖం లోపలికి ఉండాలి.

కొనేటప్పుడు "ప్రింటింగ్‌కు పనికొచ్చే ఫిల్ము" అంటే చాలదు. ఏ వైపు ట్రీట్ చేశారో, ఎన్ని డైన్లో, ఏ నెలలో తయారైందో బిల్లు మీద రాయించుకోండి. ఆహారానికి తగిన ఫిల్మేనని కూడా రాతలో అడగండి. తయారీ నెల ఎందుకంటే, ట్రీట్‌మెంట్ కాలం గడిచేకొద్దీ తగ్గిపోతుంది. జారుడు కోసం ఫిల్ములో కలిపే పదార్థం, ముఖ్యంగా వేడిలో, పైకి తేలి ఆ ముఖాన్ని కప్పేస్తుంది. మన గంజాం తీరపు ఎండల్లో రేకుల షెడ్డులో నెలల తరబడి ఉంచిన రోలును నమ్మకూడదు. అవసరానికి తగినంతే తెప్పించుకోవడం మేలు. అలాగని మరీ ఎక్కువ డైన్లు కోరకండి, పొరలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

ఫిల్ము ఎన్ని డైన్లో గీత గీసి చూసే డైన్ పెన్ను దొరికితే కొనుక్కోండి. 38 పెన్నుతో గీసిన గీత రెండు సెకన్లపాటు విడిపోకుండా నిలిస్తే ఆ స్థాయి ఉన్నట్టే. ఆ ద్రవం విషపూరితం గనుక, గీసిన ముక్కను అప్పడాలకు వాడక పారేయాలి. పెన్ను లేకపోతే నేను చేసిన నీళ్ల పరీక్ష ఏ వైపో చెబుతుంది, ఎన్ని డైన్లో చెప్పదు.

ఇంట్లో మిగిలిన రోలును మాత్రం పారేయకండి. దాన్ని తిప్పి వేయించి పది సంచులు చేయించండి, పాలిథీన్ కోసం చేసిన సిరాతోనే ముద్రింపజేసి రాత్రంతా ఆరనివ్వండి. మర్నాడు అక్షరాల మీద సెల్లోటేపు గట్టిగా అద్ది ఒక్కసారిగా లాగి చూడండి. సిరా టేపుతో రాకపోతేనే మిగతా సంచులకు చెప్పండి.