డీఆర్‌సీ క్లీన్ అయ్యాక కూడా యీల్డ్ మన పనేనా?

గుణుపురం నుంచి ఇంజనీరింగ్ తమ్ముడు అడిగింది: 6 బిట్ ఫ్లాష్ ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే సర్క్యూట్) గీశాను, సిమ్యులేషన్ పాసైంది, డీఆర్‌సీ (గీసిన ఆకారాలు తయారీ నియమాలకు సరిపోయాయా అని చూసే చెక్) క్లీన్, ఇంక యీల్డ్ (తయారైన చిప్పుల్లో నూటికి ఎన్ని పనికొస్తాయన్నది) ఫ్యాబ్ (చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీ) వాళ్ల తలనొప్పే కదా అని.

సగమే వాళ్లది తమ్ముడూ. మాది బరంపురం, బెంగళూర్లో అనలాగ్ లేఅవుట్ (చిప్ మీద ట్రాన్సిస్టర్లు, తీగలు ఎక్కడ ఎలా ఉండాలో గీసే పని) చేస్తుంటా. మా వీధిలో పట్టు మగ్గాలు ఎక్కువ కాబట్టి అలాగే చెప్తా. తానులో అక్కడక్కడ పోగులు తెగాయనుకో, జాకెట్టు ముక్కలు కోస్తే తెగిన చోటున్నవే పోతాయి, చీరలు కోస్తే దాదాపు ప్రతి చీరకీ ఒక మచ్చ పడుతుంది. చిప్పులు కోసే సిలికాన్ బిళ్ల, అదే వేఫరూ అంతే. చదరపు సెంటీమీటరుకి 0.1 డిఫెక్ట్ అనుకుని, అవి ఎక్కడ పడితే అక్కడ పడతాయనుకునే పాయిజాన్ ఫార్ములాలో వేస్తే 100 చదరపు మిల్లీమీటర్ల చిప్‌కి 90 శాతం యీల్డ్, 600కి 55 శాతమే. డిఫెక్టులు తగ్గించాల్సింది వాళ్లే గానీ ఏరియా ఎంతో తేల్చేది మనమే. ప్లేస్టేషన్ 3 సెల్ చిప్‌లో 8 చిన్న కోర్లు పెట్టి 7 వాడుకున్నది కూడా ఒకటి పోయినా చిప్ పారేయకుండా ఉండటానికే.

నీది చిన్న చిప్పు, దుమ్ము వల్ల వచ్చే ఇలాంటి డిఫెక్టులతో నీకు పెద్ద భయం లేదు. నీకు అసలు గండం మిస్‌మ్యాచ్, అంటే ఒకేలా గీసిన ట్రాన్సిస్టర్లు తయారయ్యాక కాస్త తేడాగా రావడం. 6 బిట్ ఫ్లాష్ అంటే 63 కంపారేటర్లు (రెండు వోల్టేజీల్లో ఏది ఎక్కువో చెప్పేవి), ఒక్కో దాని ఆఫ్‌సెట్ (పోల్చడంలో వచ్చే తప్పు) 3 సిగ్మా లోపల, అంటే మామూలు చెదురుకి మూడింతల లోపల ఉంటే చాలనుకున్నావనుకో, ఒక్కటి పాసయ్యే ఛాన్స్ 99.73 శాతం, వినడానికి బ్రహ్మాండం, కానీ 63 కూడా ఒకేసారి పాసవ్వాలి కదా, దాన్ని 63 సార్లు గుణిస్తే 84 శాతం దగ్గరికి వచ్చేస్తుంది. అంటే ఎక్కడా ఒక్క డిఫెక్ట్ లేకపోయినా నూటికి 16 చిప్పులు చెత్తబుట్టలోకే, దీనికి ఫ్యాబ్‌ని ఏమంటాం?

మా దగ్గర ఇలాంటిదే ఒకటి టెస్ట్‌లో లీనియారిటీ (అంకెల మెట్లు సమానంగా రావడం) ఫెయిలవుతా వచ్చింది. ఫెయిలైన చిప్పులు వేఫర్ మీద ఓ మూలన కాకుండా అంతటా చెల్లాచెదురుగా ఉన్నాయి, అక్కడే మిస్‌మ్యాచ్ మీద అనుమానం వచ్చింది. పెల్‌గ్రోమ్ అనే ఇంజనీరు 1989లో చెప్పిన లెక్కే, ట్రాన్సిస్టర్ గేటు ఏరియా 4 రెట్లు చేస్తే ఆఫ్‌సెట్ చెదురు సగమవుతుంది, నీ 3 సిగ్మా లిమిటే 6 సిగ్మా అయిపోతుంది. కంపారేటర్ ఇన్‌పుట్ పెయిర్ (వోల్టేజీలు అందుకునే ట్రాన్సిస్టర్ల జత) సైజు పెంచి కామన్ సెంట్రాయిడ్‌లో, అంటే రెండిటి ముక్కల్నీ ఒకే కేంద్రం చుట్టూ కలిపి పేర్చాం. గేటు కెపాసిటెన్స్ పెరిగి స్పీడ్ తగ్గుతుందని డిజైనర్‌తో పెద్ద గొడవే అయింది, ఆయన చెప్పిందీ నిజమే, చివరికి క్లాక్ కొంచెం దించుకున్నారు.

డబుల్ వయాలు (పొరల్ని కలిపే కనెక్షన్లు రెండేసి), డమ్మీ మెటల్ (ఖాళీల్లో నింపే ఉత్త మెటల్ ముక్కలు) అవీ చోటున్న చోట పెట్టుకుంటూ పో, వాటి గురించి బుర్ర పాడుచేసుకోకు. డీఆర్‌సీ చెప్పేది ఈ ఆకారం తయారుచేయగలం అని మాత్రమే.

నువ్వు స్కైవాటర్ అనే ఫ్యాబ్ 130 నానోమీటర్ ఓపెన్ పీడీకే (ఆ ఫ్యాబ్‌కి డిజైన్ చేయడానికి కావాల్సిన ఫైళ్ల కట్ట) అన్నావు కాబట్టి ముందు ఒక్క కంపారేటర్ తీసుకుని మాంటీ కార్లో (ప్రతిసారీ విలువలు కాస్త అటూ ఇటూ మార్చి చాలాసార్లు సిమ్యులేట్ చేయడం) రన్ చెయ్యి, మోడల్ ఫైల్లో మామూలు టీటీ సెక్షన్ బదులు మిస్‌మ్యాచ్ ఉన్న టీటీ_ఎంఎం సెక్షన్ పిలవడం మర్చిపోకు, లేకపోతే ఎన్ని రన్‌లు వేసినా మిస్‌మ్యాచ్ కనపడదు.