వరి మడి నీరు చేపల చెరువులోకి వస్తే ఏమవుతుంది?

మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద పొలాల నీరు చేపల చెరువులోకి మళ్లిస్తే నష్టమా అని అడిగారు. ఆ నీరు పొలం నుంచి ఏ రోజు బయటికి వచ్చిందన్నదే ముఖ్యం.

యూరియా, డీఏపీ కలిసిన నీరు కొద్దిగా వస్తే మేలే. నాచు, దాన్ని తినే సూక్ష్మజీవులు పెరిగి బొచ్చె, రవ్వలకు సహజమైన మేత దొరుకుతుంది. మోతాదు మించితేనే ముప్పు. చెరువు చిక్కటి ఆకుపచ్చగా మారుతుంది. పగలు ప్రాణవాయువునిచ్చే ఆ నాచే రాత్రంతా దాన్ని పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. లీటరు నీటిలో ప్రాణవాయువు 5 మిల్లీగ్రాములు ఉంటే హాయి, 3 కన్నా తగ్గితే ఇబ్బంది. మధ్యాహ్నం ఇంకో చిక్కు: నాచు వల్ల పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 9 దాటితే యూరియా నుంచి వచ్చిన అమ్మోనియా విషంగా మారి మొప్పలను దెబ్బతీస్తుంది.

నన్ను ఎక్కువగా భయపెట్టేది పురుగుమందు. సైపర్‌మెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ వంటివి అతి కొద్ది మోతాదులోనే చేపలను చంపుతాయి. వాటికంటే ముందు చేపల మేతైన చిన్న నీటి పురుగులు పోతాయి. మందు కొట్టిన వెంటనే భారీ వాన పడితే తూము తప్పకుండా మూసేయండి.

మిగతా రోజుల్లో నీటిని తుంగ పెరిగిన గుంటలో నిలిపి, వలసంచిలో పది చేపపిల్లలను ఒక రోజు అందులో ఉంచి చూశాకే చెరువులోకి వదలండి.