మిస్సిసాగాలో మావాడి ఐస్ హాకీ: డబ్బు ఎక్కడ పోయింది, ఎక్కడ పోనక్కర్లేదు

ప్రశ్న: అన్నయ్యా, మేం కెనడా వచ్చి ఎనిమిది నెలలైంది. బ్రాంప్టన్‌లో ఉంటున్నాం. మా బాబుకి ఈ నవంబర్‌లో ఎనిమిదేళ్లు నిండుతాయి. క్లాసులో పిల్లలంతా ఐస్ హాకీ ఆడుతున్నారని వీడూ పట్టుబట్టాడు. మినసోటాలో ఉన్న మా బావగారు అమెరికా పద్ధతే మంచిదంటారు. స్వీడన్‌లో ఉన్న ఫ్రెండ్ అక్కడ ఖర్చు చాలా తక్కువంటాడు. కెనడాలో పిల్లలకి నేర్పే పద్ధతి ఎలా ఉంటుంది? మేం ఇప్పటికే ఆలస్యం చేశామా? అసలు ఎంత ఖర్చవుతుంది?

జవాబు: తమ్ముడూ, నువ్వు ఆఖర్న అడిగిన ప్రశ్న నేను పదకొండేళ్ల క్రితం ఎవర్నీ అడగలేదు. అడిగి ఉంటే మా ఇంట్లో రెండేళ్లపాటు నెలాఖరు టెన్షన్ ఉండేది కాదు. అందుకే ముందు డబ్బు సంగతి చెప్తాను. దేశాల పోలిక తర్వాత చూద్దాం. ఆ పోలిక కూడా తిరిగి తిరిగి డబ్బు దగ్గరికే వస్తుంది.

మేం 2013లో మిస్సిసాగా వచ్చాం. 2015లో మావాడు మూడో తరగతిలో ఉండగా, నీ కొడుకు లాగే హాకీ కావాలన్నాడు. గుంటూరులో నాన్నకి ఫోన్ చేసి చెబితే, ధ్యాన్‌చంద్ ఆడిన ఆట అనుకుని ఎంతో సంతోషపడ్డారు. మంచు మీద ఆడతారని చెప్పాక, పడితే తల పగలదా అని అడిగారు. నాకూ అంతకు మించి తెలియదు. అయినా ఎవర్నీ ఏమీ అడక్కుండా శనివారం పొద్దున్నే పెద్ద షాపుకి వెళ్లి తల నుంచి కాళ్ల దాకా అంతా కొత్తది కొన్నాను. బిల్లు 940 డాలర్లు. హెల్మెట్, షోల్డర్ ప్యాడ్లు, ఎల్బో ప్యాడ్లు, గ్లవ్స్, ప్యాంట్, షిన్ ప్యాడ్లు, స్కేట్స్, రెండు స్టిక్కులు. షాపతను ఏది చూపిస్తే అది తీసుకున్నాను.

స్కేట్స్ దగ్గర మాత్రం నా తెలివి వాడాను. మన ఇళ్లలో స్కూలు బూట్లు ఎలా కొంటాం? పెరిగే పిల్లాడు కదా అని రెండు సైజులు పెద్దవి తీసుకుంటాం. అలాగే తీసుకున్నాను, రెండు చలికాలాలు వస్తాయని. హాకీ స్కేట్ మామూలు బూటు సైజు కంటే ఒకటి, ఒకటిన్నర తక్కువ ఉండాలని నాకు తెలియదు. ఆ పెద్ద స్కేట్స్‌లో వాడి చీలమండలు లోపలికి వాలిపోయేవి. ఆరు వారాలు రింక్ (ఆట ఆడే మంచు మైదానం) అంచున గోడ పట్టుకునే నిలబడ్డాడు. నేను గాజు పలక వెనక నుంచి చూస్తూ వీడికి భయం అనుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు కార్లో రెండుసార్లు గట్టిగా తిట్టాను కూడా. ఏడో వారం సహాయ కోచ్ ఒకాయన మోకాళ్ల మీద కూర్చుని స్కేట్ ముందు భాగం నొక్కి చూశాడు. ‘ఇందులో ఇంకో పాదం పడుతుంది’ అన్నాడు. ఆ సాయంత్రమే పాత సామాను అమ్మే షాపులో 35 డాలర్లకి సరైన సైజువి కొని, సాన పట్టించి వేశాం. మరుసటి వారం వాడు గోడ వదిలేశాడు. డబ్బు పోయింది సరే, తిట్టిన మాటలు ఈరోజుకీ నాకు గుర్తున్నాయి.

ఇక ఆలస్యం సంగతి. మావాడిది డిసెంబర్ పుట్టుక. ఇక్కడ జనవరి 1 నుంచి డిసెంబర్ 31 వరకు పుట్టిన పిల్లలందర్నీ ఒకే వయసు కింద లెక్కేస్తారు. జనవరిలో పుట్టినవాడు మావాడికంటే దాదాపు ఏడాది పెద్ద. అంత ఎత్తు, అంత బలం ఎక్కువ. 1985లోనే ఆల్బర్టాలోని లెత్‌బ్రిడ్జ్‌కి చెందిన సైకాలజిస్టు రోజర్ బార్న్స్‌లీ ఈ విషయం రాశాడు: పై స్థాయికి ఎంపికైన ఆటగాళ్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువని. నాకిది తెలియక వీడు వెనకబడ్డాడనుకుని ట్యూషన్ పెట్టించే తండ్రిలా పవర్ స్కేటింగ్ క్లాసుల (స్కేటింగ్ ఒక్కటే విడిగా సాన పట్టే కోచింగ్) వెంట పడ్డాను. నీ వాడిది నవంబర్. ఈ ఒక్క మాట గోడ మీద రాసి పెట్టుకో. మొదటి రెండేళ్లు వాడు పక్కవాళ్ల కంటే చిన్నగా, నెమ్మదిగా కనిపిస్తాడు. ఆలస్యం ఏమీ కాలేదు.

నేను అక్కడితో ఆగలేదు. 2016లో ఒక క్లబ్ రెప్ టీమ్‌లో సీటొచ్చింది. రెప్ అంటే ట్రైఅవుట్స్ (ఎంపిక పోటీలు) పెట్టి ఎంచుకునే జట్టు. ఊళ్లో పిల్లలందర్నీ తీసుకునేది హౌస్ లీగ్. సీటొచ్చిందనగానే ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌లో సీటొచ్చినంత సంబరపడి తెలిసిన వాళ్లందరికీ చెప్పాం. ఆ ఏడాది లెక్క ఇప్పటికీ నా డైరీలో ఉంది. టీమ్ ఫీజు 3,400 డాలర్లు. స్ప్రింగ్ లీగ్ 900. పవర్ స్కేటింగ్ 1,200. వేసవి క్యాంప్ 650. టోర్నమెంట్ల హోటళ్లు, తిండి, పెట్రోలు 1,800. స్టిక్కులు, సాన ఖర్చు కలిపితే 8,000 దాటింది. అప్పటి రేటుకి నాలుగు లక్షల రూపాయలు. సగం లైన్ ఆఫ్ క్రెడిట్ మీద, అంటే బ్యాంకు అప్పుగా తెచ్చాను. అదే చలికాలంలో నాన్నకి కంటి ఆపరేషన్ అవసరమైతే, ఆ డబ్బు తమ్ముణ్ని సర్దమన్నాను. కెనడాలో ఇల్లున్న పెద్ద కొడుకు ఆ మాట అనాల్సి రావడం ఎలా ఉంటుందో నీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇంకోటి విను, ఇది కొత్తగా వచ్చినవాళ్లకే తగిలే దెబ్బ. జట్టు సరిహద్దు అవతల, అమెరికాలోని బఫెలోలో టోర్నమెంట్‌కి పేరిచ్చింది. మిగతావాళ్లకి అది గంటన్నర డ్రైవ్. మాకు కెనడా పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉంది కానీ పాస్‌పోర్టు ఇండియాది. అమెరికా వీసా లేకుండా సరిహద్దు దాటలేం. వీసా అపాయింట్‌మెంట్ టైముకి దొరకలేదు. కట్టిన వాటా వెనక్కి రాలేదు. మావాడు ఆ శని, ఆదివారాలు కిటికీ దగ్గరే కూర్చున్నాడు. రెప్ టీమ్ ఫారం మీద సంతకం పెట్టే ముందు, సరిహద్దు అవతల టోర్నమెంట్లు ఎన్ని అని మేనేజర్ని అడుగు.

ఇప్పుడు దేశాల సంగతి. డిసెంబర్ 26న ఇక్కడ అందరూ టీవీ ముందు కూర్చుంటారు, నువ్వూ చూస్తావు. అండర్ 20 ప్రపంచ పోటీలు ఆ రోజే మొదలవుతాయి. 2023లో హాలిఫాక్స్‌లో కెనడా గెలిచింది వాళ్ల 20వ స్వర్ణం. తర్వాత 2024, 2025లో వరసగా అమెరికా గెలిచింది. కానీ నన్ను ఆలోచింపజేసింది ఫిన్లాండ్. సుమారు 56 లక్షల జనాభా, అంటే హైదరాబాద్‌లో దాదాపు సగమే ఉన్న దేశం, 2014, 2016, 2019లో ఆ కప్పు తీసుకుపోయింది. ఎనిమిదేళ్ల పిల్లల తండ్రులు వేలకి వేలు పోసినందుకు వచ్చిన కప్పులు కావవి. ఊరూరా క్లబ్బులు, చిన్న పిల్లలకి కూడా శిక్షణ పొందిన కోచ్‌లు, గోల్‌కీపర్లకి ప్రత్యేక కోచింగ్. వాళ్ల బలం అదీ.

స్వీడన్ గురించి నీ ఫ్రెండ్ చెప్పింది చాలావరకు నిజం. మా పాత కొలీగ్ ఒకాయన వెస్టెరోస్‌లో ఉంటాడు, వాళ్లమ్మాయి ఆడుతుంది. అక్కడ క్లబ్ అంటే సభ్యుల సంఘం. రింకులు చాలావరకు మున్సిపాలిటీవి. ఫీజు తగ్గించడానికి తల్లిదండ్రులు టాయిలెట్ పేపర్ కట్టలు, లాటరీ టికెట్లు ఇల్లిల్లూ తిరిగి అమ్ముతారు, రింక్‌లో కాఫీ కొట్టు దగ్గర వంతులేసుకుని నిలబడతారు. మొదట్లో మనవాళ్లకి సిగ్గుగా ఉంటుందట. అక్కడ డాక్టరూ అమ్ముతాడు, లాయరూ అమ్ముతాడు. పిల్లల్ని వడపోసే పెద్ద పోటీ టీవీ పుకెన్. 1959 నుంచి జరుగుతోంది. పదిహేనేళ్ల వయసు దగ్గర, జిల్లా జట్లుగా ఆడతారు. అంటే ఎనిమిదేళ్లప్పుడు ఎవడు గొప్పవాడో తేల్చాల్సిన తొందర వాళ్లకి లేదు.

మీ బావగారు చెప్పిన మినసోటా అమెరికా అంతటికీ నమూనా అనుకోకు. అక్కడ పిల్లలు సొంత ఊరి సంఘానికి ఆడి, తర్వాత సొంత హైస్కూలుకి ఆడతారు. సెయింట్ పాల్‌లో జరిగే హైస్కూలు రాష్ట్ర టోర్నమెంట్‌కి అన్ని రోజులూ కలిపి లక్ష మందికి పైగా వస్తారు. 1945 నుంచి ఉన్న పండగ అది. మిగతా రాష్ట్రాల్లో ప్రైవేటు క్లబ్బులు, విమాన ప్రయాణాలు ఎక్కువ. జాతీయ స్థాయిలో చేసిన మంచి పని 2009లో తెచ్చిన శిక్షణ విధానం. చిన్న పిల్లలు రింక్‌లో అడ్డంగా, చిన్న భాగంలోనే ఆడాలన్నారు. పక్ (స్టిక్కుతో కొట్టే రబ్బరు బిళ్ల) ఎక్కువసార్లు తగులుతుంది, ఒకే గంటలో ఎక్కువమంది ఆడతారు. రింక్ అద్దె పంచుకుంటే తలా కొంచెమే పడుతుంది. బాగా ఆడే పదహారు, పదిహేడేళ్ల వాళ్లని మాత్రం మిషిగన్‌లోని ప్లిమత్‌లో ఒకచోట ఉంచి తయారుచేస్తారు.

కెనడా కూడా ఇప్పుడు అండర్ 7, అండర్ 9 పిల్లల్ని చాలావరకు సగం రింక్‌లోనే ఆడిస్తోంది. ఒళ్లు ఢీకొట్టి ఆపడాన్ని అమెరికా 2011లో, కెనడా 2013లో 11–12 ఏళ్ల పిల్లల ఆటలోంచి తీసేశాయి. అందుకే మీ ఆవిడకి తల దెబ్బల భయం ఉంటే, ఈ వయసులో ఆ ఢీకొట్టడం ఉండదని చెప్పు. నియమాలు హాకీ కెనడా సైట్లో ఉంటాయి, చూసుకో. చేరే ముందు తల్లిదండ్రుల్లో ఒకరు ఆన్‌లైన్ కోర్సు కూడా చేయాలి.

అంటే నేర్పే పద్ధతి ఏ దేశంలోనైనా చిన్న వయసులో దాదాపు ఒకటే అయింది. తేడా బిల్లు ఎవరు కడతారన్న దగ్గరే. ఇక్కడ నువ్వు కడతావు. అందుకే గీత కూడా నువ్వే గీసుకోవాలి.

‘ఆటతో అమెరికా యూనివర్సిటీలో ఫ్రీ సీటొస్తుంది’ అని ఎవరో ఒకరు నీకు చెప్తారు. నాకూ చెప్పారు, నమ్మాను. మగపిల్లల హాకీకి అక్కడి టాప్ డివిజన్‌లో ఉన్నవి అరవై పైచిలుకు కాలేజీలే. పైగా 2025 నుంచి కెనడా మేజర్ జూనియర్ లీగుల్లో (కుర్రాళ్ల పై స్థాయి లీగులు) ఆడినవాళ్లు కూడా వాటిలో చేరొచ్చు. అంటే ఆ సీట్లకి పోటీ ఇంకా పెరిగింది. పంజాబీలు మనకంటే ఎంతో ముందొచ్చి స్థిరపడ్డారు కదా, వాళ్లలోంచి రాబిన్ బావా 1989లో ఎన్‌హెచ్ఎల్ (ఇక్కడి అతిపెద్ద ప్రొఫెషనల్ లీగ్) దాకా వెళ్లాడు, ఆ తర్వాత వెళ్లినవాళ్లనీ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పిల్లాడికి ఆట ఇష్టం, చలికాలంలో నలుగురు స్నేహితులు దొరుకుతారు. ఆ రెండింటికే డబ్బు పెట్టు.

ఎంతంటావా? ముందు ఫస్ట్ షిఫ్ట్ అనే కార్యక్రమం చూడు. ఆరు నుంచి పదేళ్ల కొత్త పిల్లలకి రెండు వందల పైచిలుకు డాలర్లకే సామాను మొత్తం, కొన్ని వారాల శిక్షణ ఇస్తారు. సీట్లు త్వరగా అయిపోతాయి. తర్వాత హౌస్ లీగ్. మా చుట్టుపక్కల ఇప్పుడు ఏడాదికి సుమారు 600 నుంచి 900 డాలర్లు. అదీ కష్టమైతే పిల్లల ఆటల ఖర్చుకి సాయం చేసే జంప్‌స్టార్ట్ అనే సంస్థకి అప్లై చెయ్యి, మొహమాటపడకు. పదమూడేళ్లు వచ్చేదాకా రెప్ మాటెత్తకు. స్ప్రింగ్ లీగ్ వద్దు, ప్రైవేటు కోచింగ్ వద్దు. ఎవరైనా ‘మీవాడిలో ఏదో ఉంది’ అని చెప్పి ఫారం ఇస్తే, ఇంటికొచ్చి మీ ఆవిడతో మాట్లాడి, రెండు రోజులు ఆగి చూడు.

మావాడు పదకొండేళ్లప్పుడు తనే హౌస్ లీగ్‌కి వెళ్తానన్నాడు. ఆ రాత్రి నేను పడుకోలేదు, ఇంత ఖర్చుపెట్టాక ఇదేంటని. వాడు పదిహేడేళ్ల దాకా అక్కడే సంతోషంగా ఆడాడు. హైస్కూల్లో ఉండగా చిన్నపిల్లల మ్యాచ్‌లకి రిఫరీగా వెళ్లి సొంతంగా డబ్బు సంపాదించాడు. మొదటి చెక్కుతో తాతకి చలికోటు కొని పంపాడు. గుంటూరులో దాన్ని వేసుకునే చలి ఎక్కడిది? నాన్న అయినా వేసుకుని ఫోటో తీయించుకున్నారు.

మా బేస్‌మెంట్‌లో వాడి చిన్నప్పటి సామాను ఇంకా ఉంది. షిన్ ప్యాడ్లు, ఎల్బో ప్యాడ్లు, ప్యాంట్, మూడు సైజుల స్కేట్స్. ఆ రెండు సైజులు పెద్ద స్కేట్స్ జత కూడా ఉంది, అది మాత్రం ఇవ్వను. హెల్మెట్, మెడ గార్డు కొత్తవి కొనుక్కో, హెల్మెట్ మీద సీఎస్ఏ (కెనడా భద్రతా ప్రమాణాల) ముద్ర చూసి తీసుకో. మిగతావి సెప్టెంబర్ లోపు ఏదో ఒక ఆదివారం బాబుని తీసుకొచ్చి తొడిగి చూడు. ముందు మెయిల్ పెట్టు, ఆ రోజు ఇంట్లోనే ఉంటాం, భోజనానికి ఉండేలా రండి.